టీ ఆకు తిన్న పురుగులు

ఆగండి. చేతిలో ఉన్నది పక్కన పెట్టి కాస్త ఆగి వినండి, ఎందుకంటే కామ్షాత్ కూడా ఇప్పుడు ఆగే ఉంది. గాజుపలక మీద ఊదారంగు చుక్కలో ఒక ఎర్రపురుగు లాలాజల గ్రంథులు నానుతున్నాయి, అవి రంగు పీల్చుకునేదాకా చేసేదేమీ లేదు, తొందరపడితే పాడవుతాయి, అందుకని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బల్ఖాష్ సరస్సుకేసి చూస్తోంది, సరస్సంటే ఈ కాలంలో ఏముంటుంది, గడ్డకట్టిన తెల్లటి మైదానం, నేల ఎక్కడ ఆగిందో నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి తప్ప తెలియదు, ఆ తెలుపు మీద ఎక్కడో వాళ్ల నాన్న ఒరిన్‌బాయ్ ఉన్నాడు, లేదా ఆ తెలుపు కింద ఉన్నాడు. మీద, కింద. రెండు మాటలూ మనసులో పక్కపక్కనే పెట్టి చూసింది, ఏదీ గుచ్చుకోలేదు, చలికి తిమ్మిరెక్కిన వేలిలో సూది దిగితే ఎక్కడో దూరంగా ఇంకెవరికో దిగినట్టు ఉంటుందే, అలా ఉంది. ఆమెకి కనిపిస్తున్నదల్లా కిటికీ మూల అద్దం పగిలిన చోట అంటించిన పచ్చ టేపు, అది ఊడుతోంది, మార్చాలి, ఎవరు మార్చాలి, ఈ స్టేషన్లో ఉన్నది తనొక్కతే కదా, బయట నీటి పరిశోధన కేంద్రం అని పెద్ద బోర్డు, లోపల ఒక గది, ఒక పొయ్యి, ఒక సూక్ష్మదర్శిని, ఒక కామ్షాత్.

మొన్న పొద్దున నాన్న గుర్రాన్ని మంచుబండికి కట్టుకుని సరస్సు అడుగు బురదలోంచి ఎర్రపురుగులు తవ్వడానికి వెళ్లాడు, చేపలకి ఎర వేసేవాళ్లకి చలికాలమంతా ఆ పురుగులే కావాలి, నాన్నకి అదే పని. సాయంత్రానికి మంచు తుఫాను కమ్మింది. అది తగ్గాక నిన్న మధ్యాహ్నం గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది, బురుల్ అంటారు దాన్ని, ఒంటినిండా తెలుపూ ఎరుపూ కలిసిన రంగు, జూలంతా మంచు కట్టి, మనిషి లేని బండి ఈడ్చుకుంటూ గుమ్మం ముందుకొచ్చి నిలబడి, ఏమీ జరగనట్టు ఎండుగడ్డి కోసం తల ఊపింది. బండిలో థర్మాస్ ఉంది, బురద జల్లించే జల్లెడ ఉంది, ఉన్ని కంబళిలో చుట్టిన పురుగుల డబ్బా ఉంది. మంచు పగలగొట్టే గునపం లేదు. అమ్మ ఆ గునపాన్నే పట్టుకుంది, లేని గునపాన్ని. "గునపం బండిలో లేదంటే ఆయన చేతిలో ఉన్నట్టు, చేతిలో గునపం ఉన్న మనిషికి ఏమవుతుంది?" అంది, అని లోపలికి వెళ్లి టీనీళ్లు కాచే సమోవార్ వెలిగించింది. గుర్రం అడుగులు వెతుక్కుంటూ బాబాయ్ తోక్తార్ చాలా దూరం వెళ్లాడు కానీ తుఫాను సరస్సు మొత్తాన్నీ చీపురు పెట్టి ఊడ్చినట్టు ఊడ్చేసింది, ఒక్క గీత మిగల్లేదు.

ఇవాళ పొద్దున ఆ డబ్బా తీసుకొచ్చి ఈ బల్ల మీద పెట్టింది కూడా బాబాయే. టోపీ తీయకుండా, కూర్చోకుండా, పొయ్యి దగ్గర నిలబడి చేతులు రుద్దుకుంటూ మాట్లాడాడు.

"రెండు అఖాతాలు, ఒక్క బండి తల్లీ. జిల్లా నుంచి ఆ గొలుసు చక్రాల బండి ఒక్కటే పంపారు, అందులో నీళ్లలో దిగేవాడు ఒక్కడు, తోలేది అర్కాది. చీకటి పడకముందే మళ్లీ తుఫానంట. రెండువైపులకీ పోవడానికి పొద్దు చాలదు. అన్నయ్య ఏ బురద తవ్వాడో నీ పురుగు చెప్పలేదా?"

"చెప్తుంది బాబాయ్."

"అబద్ధం చెప్పదుగా?"

"పురుగులకి రాదు."

"మీ నాన్నకి వచ్చు, అందుకని అడిగా." నవ్వబోయి ఆపేశాడు. "మధ్యాహ్నం నమాజయ్యాక ఇంజిను తిప్పుతారు. ఈలోగా చూడు. ఆయన ఎప్పుడూ అనేవాడు కాదూ, పురుగులమ్మి దాన్ని చదివించా, అది వెళ్లి పురుగులే చదువుకొచ్చింది అని. ఇవాళ చదివిపెట్టు తల్లీ."

రెండు అఖాతాలు, ఒకటి కమిస్తి, ఒకటి అష్షి, మధ్యలో సన్నటి నేలముక్క, గుర్రం మీదైతే ఆ ముక్క దాటడం పెద్ద పనేం కాదు. కమిస్తి నిండా రెల్లు, అందులోవి మంచినీళ్లు, రెల్లు మధ్య జాలరుల గుడిసె ఉంది, అందులో పొయ్యి ఉంది, ఎప్పుడూ ఎవరో ఒకరు కట్టెలు వదిలి వెళ్తారు, కాలు విరిగిన మనిషి కూడా అక్కడ కొన్నాళ్లు బతికేయొచ్చు, ఫోను మాత్రం అందదు. అష్షిలో ఏమీ లేదు, ఉప్పునీళ్లు, గాలి, ఉప్పుకి సరిగా గడ్డకట్టని మెత్తటి మంచు, పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెడితే తడిసిన రొట్టెలా ఉంటుంది, అక్కడ తుఫానులో చిక్కుకున్నవాడు దాక్కోవడానికి ఒక గడ్డిపరక కూడా ఉండదు. అందుకే బాబాయ్ అడిగింది ఏ బురద అని, అసలు అడిగింది అది కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ బురద గురించే మాట్లాడుకున్నారు. కమిస్తి అయితే వెతకాల్సింది గుడిసెలో, అష్షి అయితే మంచు కింద.

నాన్న వెళ్తూ కమిస్తికి అని చెప్పే వెళ్లాడు, గుమ్మంలో నిలబడి, గట్టిగా, పొరుగింటికి కూడా వినపడేలా. అదే గొడవ. ఈ ఊళ్లో నీళ్ల మీదికి వెళ్లే మగాడెవడూ వెళ్లే చోటు నిజం చెప్పడు, చెబితే నీళ్లు వింటాయని, విని ఉన్నదంతా దాచేస్తాయని, తాతల నాటి నుంచి వస్తోంది, అందరికీ తెలిసిన అబద్ధం, ఎవరూ తప్పుపట్టని అబద్ధం, కమిస్తి అంటే అష్షి అనుకోవాలి, కానీ నీళ్లు కూడా తెలివిమీరుతాయి కదా, అందుకని నాన్న మధ్యమధ్యలో నిజం కూడా చెప్పేవాడు, నీళ్లని తికమక పెట్టడానికి, ఇప్పుడు నీళ్లొక్కటే కాదు అందరూ తికమకలో ఉన్నారు. "నాతో అబద్ధం చెప్పడు" అంది అమ్మ నిన్న. "వదినా, మా అందరితోనూ అదే మాట అనేవాడు, నీతో మాత్రం అబద్ధం చెప్పనురా అని" అన్నాడు బాబాయ్, ఎప్పుడైనా అయితే అమ్మ చెంచా విసిరేది, నిన్న విసరలేదు, చెంచాని టీగిన్నె పక్కన సరిగ్గా పెట్టింది.

నాన్న గిన్నె కూడా పెట్టింది. సగమే పోసింది, ఇంటి మనిషికి సగమే పోస్తారు కదా, మళ్లీ మళ్లీ పోయడానికి, నిండా పోశారంటే ఇక లేచి వెళ్లమన్నట్టు. అది చల్లారిపోతే పారబోసి మళ్లీ సగం పోసింది. వడకట్టిన ఆకుని ఎప్పట్లాగే కిటికీ గట్టు మీద పళ్లెంలో ఆరబెట్టింది, నాన్న పురుగుల డబ్బాలోకి ఆ ఆకే వెళ్తుంది, తాగి పారేసే టీ ఆకులో తేమ అలా నిలిచి ఉంటుంది, పురుగులు అందులో చాలా రోజులు బతుకుతాయి, ఇంట్లో ఎవరు టీ తాగినా నాన్న ఒక కన్ను ఆకు మీదే ఉంచేవాడు, ఇంకో గిన్నె తాగండి, మా పిల్లలకి పక్క సరిపోలేదు అనేవాడు చుట్టాలతో. చుట్టాలు నవ్వేవాళ్లు. కామ్షాత్ పెళ్లిచూపులకి వచ్చినవాళ్లతో కూడా అన్నాడు, వాళ్లు నవ్వలేదు, మళ్లీ రాలేదు, మంచిదే అయింది.

అర్కాది వచ్చినప్పుడు కూడా అంతే, నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. నిన్న సాయంత్రం గుమ్మంలో బూట్లు దులుపుకుంటూ అడిగాడు.

"తప్పిపోయినాయన పేరు చెప్పండమ్మా."

"ఇంటాయన" అంది అమ్మ.

"పేరు, పేరు."

"ఈ పిల్ల తండ్రి."

"అమ్మా, నేను మంచు మీద నిలబడి ఇంటాయనా అని కేకేస్తే ఈ ఊళ్లో సగం మంది పలుకుతారు."

బాబాయ్ ఫక్కుమని నవ్వి వెంటనే చేత్తో మూతి తుడుచుకున్నాడు. అమ్మ పెళ్లై వచ్చినప్పటి నుంచీ నాన్న పేరు నోటితో పలకలేదు, ఏ కోడలు పలుకుతుంది, ఇప్పుడు పలికితే అది పిలిచినట్టు ఉంటుందో వదిలేసినట్టు ఉంటుందో, అందుకే కామ్షాత్ చెప్పింది, ఒరిన్‌బాయ్ అని, తన గొంతు తనకే ఎవరో రేడియోలో చదువుతున్నట్టు వినిపించింది. అర్కాది వెళ్లాక అమ్మ బాబాయ్ వైపు తిరిగి చెప్పింది, "పెద్దమనుషులెవరూ నా గుమ్మం తొక్కకూడదు. డేగ ఎగిరిపోయింది, చెట్టు ఒరిగిపోయింది అని మెలికల మాటలు మోసుకుని ఎవరొచ్చినా వేడినీళ్లు పోస్తాను. తెలిసిందా?" ఇక్కడ చావుని చావని చెప్పరు, ముసలాళ్లు నలుగురు కలిసి వస్తారు, కూర్చుంటారు, ఎక్కడెక్కడివో మాటలు చెప్పుకుంటూ వస్తారు, వినేవాళ్లకి మెల్లగా తెలుస్తుంది. తెలిసిందని బాబాయ్ తలూపాడు. ముసలాళ్లని ఆపొచ్చు. మరి పురుగుని?

చుక్క ఇంకా లేత రంగులోనే ఉంది, ఇంకాసేపు ఆగాలి. వెనిగర్ వాసన వస్తోంది దాన్లోంచి, అమ్మ ఉల్లిపాయల మీద పోసే వెనిగర్ లాంటి వాసన, ఆకలేసింది ఆమెకి, ఆకలేసినందుకు ఆశ్చర్యపోయింది, జేబులో ఎండబెట్టిన పెరుగు ఉండ ఒకటి ఉంటే నోట్లో వేసుకుంది, ఉప్పగా ఉంది, రాయిలా ఉంది, దవడలో పెట్టుకుని చప్పరిస్తోంది. పొద్దున డబ్బా మూత తీయగానే మొదట చేతికొచ్చిన పురుగులు నాలుగైదు మంచినీళ్లవే, లెన్సు కింద పెట్టగానే తెలిసింది, ఒంటి చివర నుంచి మెత్తటి గొట్టాలు వేళ్లలా వేలాడుతున్నాయి, ఉప్పునీళ్ల జాతికి ఆ గొట్టాలుండవు, కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు కూడా చెప్పేయగలరు. కమిస్తి అనుకుంది. నాన్న గుడిసెలో ఉన్నాడనుకుంది. ఆనందం రావాలి కదా, దాని కోసం ఒక క్షణం ఆగింది, బస్సు కోసం ఆగినట్టు, రాలేదు, సరే అని ఫోను చేతిలోకి తీసుకుంది, ఇంకో చేత్తో డబ్బాలో ఆకు కదిపింది, ఊరికే, అలవాటుగా. అప్పుడు కనిపించాయి మిగతావి. కాస్త చిన్నవి, కాస్త లేత ఎరుపు, దాదాపు అన్నీ చచ్చిపోయినవి, చలికి తోకలు చితికి ఊడిపోయినవి. తోక లేని పురుగుకి గొట్టాలు లేవంటే అది ఉప్పునీళ్లదనా, లేక గొట్టాలు ఊడిపోయాయనా. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

ఎన్నిసార్లు చెప్పింది నాన్నకి, పాత డబ్బాలో కొత్తవి పోయొద్దు నాన్నా, వేరే డబ్బా పెట్టు, ఏది ఎక్కడిదో నాకు తెలియకుండా పోతోంది అని. పాతవాటి మీదే కొత్తవి పోస్తారు వీళ్లందరూ, ఎరపురుగుల వాళ్లు, డబ్బా అడుగు ఖాళీ అయితే అరిష్టం అన్నట్టు, ఎప్పుడూ పిడికెడు పాతవి మిగిల్చి వాటి మీద కొత్తవి పోస్తారు. "వీటికి ఊరు పేరు ఏముందే, అన్నీ ఒక ఆకులోనే పడుకుంటాయి" అనేవాడు నాన్న. "పెద్దయ్యాక దోమలవుతాయి, అదీ కుట్టడానికి నోరు కూడా లేని దోమలు, వాటికి నువ్వు ఇంటిపేర్లు పెడుతున్నావు." వసంతం చివర్లో అవన్నీ ఒక్కసారి లేస్తాయి, సరస్సు మీద పొగ లేచినట్టు, ఆ గుయ్యిమనే మోత ఇళ్లలోకి వినిపిస్తుంది, దీపం చుట్టూ, టీగిన్నెల్లో, నాన్న టోపీ మీద, పట్నం నుంచి వచ్చినవాళ్లు చేతులూపుకుంటూ పరిగెడతారు, నాన్న నోరు తెరిచి నిలబడేవాడు, కుట్టవు అని నిరూపించడానికి, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు, అమ్మ మాత్రం "నోరు ముయ్యండి, అసలే కొంచెం ఉంది బుర్ర, అందులో కూడా దూరతాయి" అనేది. నోరు తెరిచి. నీళ్లలో కూడా. ఆమె ఆ ఆలోచనని చూసింది, అది ఆమెని చూసింది, ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు.

తోక చితికినవాటిలో ఒక్కటే ఇంకా కదులుతోంది. చచ్చి గడ్డకట్టి కరిగినవాటి గ్రంథులు జావ అయిపోతాయి, వాటిల్లో ఏమీ చదవలేం, బతికున్నది ఒక్కటి, ఒక్కటే అవకాశం. రెండు సూదులతో తల పట్టుకుని లాగింది, కళ్లు చికిలించకుండా, ఊపిరి బిగపట్టకుండా, ఎప్పుడూ చేసేదే, చెయ్యి వణకలేదు, వణికితే బాగుండేదేమో, చూసేవాళ్లెవరైనా ఉంటే ఏమనుకునేవాళ్లు, తండ్రి కనపడకపోతే ఈ పిల్ల చెయ్యి ఎంత నిలకడగా ఉందో చూడు అనుకునేవాళ్లు. గ్రంథులు రెండూ బయటికొచ్చాయి, గాజులాంటి చిన్న సంచులు, చిరగలేదు, రంగు చుక్కలో పెట్టింది. అలా పెట్టి ఆగింది, మొదట్లో మనం వచ్చింది అక్కడికే.

ఆగుతూ ఊరికే ఉండలేక మిగతావాటిని ఒక్కొక్కటే లెన్సు కింద పెట్టి చూస్తోంది, తోకలు కాదు, తోకలు చూసి ప్రయోజనం లేదు, ఏం చూస్తోందో తనకే తెలియదు, ఎర్రటి ఒంటిలోంచి లోపలి పేగు సన్నటి దారంలా కనిపిస్తుంది, గొట్టాలున్న పెద్దవాటిలో ఆ దారం గోధుమరంగుగా ఉంది. ఇదేంటి అనుకుంది. రెల్లు కుళ్లిన నల్లటి బురద కదా కమిస్తిది, పేగు నల్లగా ఉండాలి. ఇంకోటి చూసింది, గోధుమరంగే. ఒకదాని పేగు సూదితో చీల్చి నీళ్లలో విదిల్చింది, చిన్న చిన్న ముక్కలు, ఆకు ఈనెలు, టీ. టీ ఆకు తిన్నాయి ఇవి, చాలా రోజుల నుంచి డబ్బాలో ఉండి ఉండి, బురద అంతా అరిగిపోయి, అమ్మ వడకట్టిన ఆకు తిని బతుకుతున్నాయి. ఇవి పాతవి. తోక చితికిన ఒకదాని పేగు చీల్చింది, బూడిదరంగు బురద, నిండుగా, అరగనిది, అందులో తెల్లటి పలుకులు, వేళ్ల మధ్య రాస్తే సుద్దలా ఉంది. కొత్తవి ఇవి. పైన పోసినవి, పైన ఉన్నాయి కాబట్టే చలి వీటికే తగిలింది, కింద ఆకులో ఉన్న పాతవి వెచ్చగా బతికిపోయాయి, తర్వాత బండి కుదుపులకి అన్నీ కలిసిపోయాయి. నాన్న మొన్న తవ్వింది ఈ బూడిదరంగు బురద. అర్థమైంది ఆమెకి, లెక్క తేలినట్టు అర్థమైంది, పరీక్షలో జవాబు దొరికినప్పుడు ఉండే చిన్న ఉత్సాహం కూడా వచ్చింది, భుజాల దాకా వచ్చింది, అక్కడికొచ్చాక అది దేని జవాబో గుర్తొచ్చి ఆగిపోయింది.

కానీ బురద రంగు చూసి మనిషిని చచ్చాడనలేం. మంచు కరిగే కాలంలో కమిస్తి ఒడ్డున కూడా అక్కడక్కడా బూడిద మన్ను చేరుతుంది. జాతి తెలియాలి. చుక్క ఇప్పుడు ముదిరింది, వంకాయ రంగు. పైన పల్చటి గాజు పెట్టి, వడపోత కాగితం మడత పెట్టి, బొటనవేలు ఆనించింది. ఇక్కడే అందరూ పాడుచేస్తారు. అల్మాతీలో చదివేటప్పుడు ప్రొఫెసరమ్మ వెనక నిలబడి అరిచేది, "రొట్టె పిండి నొక్కుతున్నావా? పక్కకి జరగనివ్వకు, నిటారుగా, నిటారుగా, ముసలాయన నుదురు మీద ముద్దు పెట్టినట్టు!" తరగతంతా నవ్వేది, ఎవరి ముసలాయన మేడమ్ అని వెనక బల్లవాళ్లు అడిగేవాళ్లు. నొక్కింది. వేలి కింద ఏమీ తెలియలేదు, వేలు ఉందో లేదో కూడా తెలియలేదు, కాగితం మీద ఊదా మరక గుండ్రంగా పాకడం చూసి చాలనుకుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి మర తిప్పింది, మసక, మసక, పసుపు వెలుగు, మళ్లీ మసక, తర్వాత ఒక్కసారిగా తేటగా పరుచుకున్నాయి, నాలుగు చారల పట్టీలు, పురుగు క్రోమోజోములు, మూడు పొడుగువి, ఒకటి పొట్టిది, గుడారం చుట్టూ కట్టే నేత పట్టీల్లా, ముదురు చార, లేత చార, సన్నది, వెడల్పుది, ప్రతి జాతికీ తన నేత తనది, ఒక్క చార అటూ ఇటూ కాదు. గోడ మీద పటం ఉంది, చూడక్కర్లేదు, అయినా చూసింది, ఒక్కో పట్టీలో ఏ సగం ఏ సగంతో అతుక్కుందో చూడాలి, మంచినీళ్ల జాతిలో ఒక రకంగా అతుకుతుంది, ఉప్పునీళ్ల జాతిలో ఇంకో రకంగా. కళ్లు పటానికీ పట్టీకీ మధ్య తిరిగాయి, ఒకసారి, మళ్లీ ఒకసారి. ఎంత బాగా వచ్చింది ఈ పలక, ఇంత బాగా ఎప్పుడూ రాలేదు, ప్రొఫెసరమ్మకి ఫొటో పంపిస్తే తరగతిలో చూపించేది.

ఉప్పునీళ్లది. అష్షి.

అష్షి అని నోటితో అంది, గదిలో ఎవరూ లేరు, పొయ్యిలో కట్టె ఒకటి కూలింది. ఏడుపు రావాలి ఇప్పుడు, గొంతు దగ్గర చూసుకుంది, ఉప్పు ఉండ ఇంకా దవడలోనే ఉంది, అది తీసి కాగితంలో చుట్టి బల్ల మూలన పెట్టింది. నాన్న మెత్తటి మంచు మీద వంగి తవ్వుతున్నాడు, జల్లెడ ఊపుతున్నాడు, పురుగుల్ని ఆకు మీద పోసి మూత పెట్టి కంబళిలో చుట్టి బండిలో సర్దాడు, అంతవరకూ డబ్బా చెబుతుంది, పాపం పురుగులకి అంతవరకే తెలుసు, ఆయన ఆఖరున ఎక్కడ తవ్వాడో తెలుసు, ఆఖరున ఎక్కడ నిలబడ్డాడో తెలియదు. సర్దాక ఇంకో గొయ్యి తవ్వడానికి గునపం పట్టుకుని రెండడుగులు వేసి ఉంటాడు, మంచు విడిపోయి ఉంటుంది, బురుల్ బెదిరి పరిగెత్తి ఉంటుంది. లేదా తుఫాను రావడం చూసి, గుర్రం బెదిరి పారిపోతే, గునపాన్ని ఊతకర్రలా పట్టుకుని, నేలముక్క దాటి కమిస్తి వైపు నడిచి ఉంటాడు, రెల్లు చప్పుడు వింటూ, గాలిలో రెల్లు చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది, గుడిసె చేరి ఉంటాడు, తడిసిన కాళ్లతో, కట్టెలు అయిపోయి ఉంటాయి, ఇవాళ ఒక్కరోజుకి సరిపడా ఊపిరి ఉండి ఉంటుంది. ఇలాంటివి రుజువు చేయలేం. ఇలాంటివి రాస్తే ప్రొఫెసరమ్మ ఎర్ర పెన్నుతో కొట్టేసేది, ఆధారం ఎక్కడ అని పక్కన రాసేది. ఆధారం ఇదిగో, గాజు కింద, ఊదారంగులో, నాలుగు పట్టీలు.

అష్షి అంటే బండి అక్కడికి వెళ్తుంది, మంచు కోస్తారు, మనిషి దిగుతాడు, ఉంటే దొరుకుతాడు, దొరికితే కడుగుతారు, తెల్లగుడ్డ చుడతారు, ముల్లా వస్తాడు, అమ్మ ఏడవొచ్చు. ఇవాళ తియ్యకపోతే ఈ తుఫాను మంచుని కదిపేస్తుంది, వసంతం దాకా ఆయన ఎక్కడికి పోతాడో ఎవరికీ తెలియదు, అమ్మ వసంతం దాకా సగం గిన్నె పోస్తూనే ఉంటుంది. కానీ ఆయన గుడిసెలో ఉంటే, అష్షి అన్న ఒక్క మాటకి అక్కడే చచ్చిపోతాడు, కూతురు పురుగుని సరిగ్గా చదివినందుకు. కమిస్తి అంటే, అది అబద్ధం, ఊరంతా చెప్పే అబద్ధం లాంటిది కాదు, బాబాయ్ నమ్మి అడిగాడు. రెండూ ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే? తవ్వింది అష్షి, తర్వాత తెలియదు బాబాయ్ అంటే? అప్పుడు బాబాయ్ సరే తల్లీ, నువ్వేమంటే అదే అంటాడు, ఆయన ఎప్పుడూ అంతే, పెద్దవాడే కానీ ఆఖరి మాట ఎప్పుడూ పక్కవాళ్ల నోట్లో పెడతాడు.

ఫోను బల్ల మీద బోర్లా ఉండే మోగింది, బల్లంతా అదిరింది, గాజుపలక కూడా సన్నగా అదిరింది. ఎత్తింది.

"చూశావా తల్లీ?" వెనక ఇంజిను మోత, ఎవరో తలుపు వేస్తున్నారు, బాబాయ్ గట్టిగా అరుస్తున్నాడు. "అర్కాది కూర్చున్నాడు, పడమర మబ్బు లేస్తోంది, ఇంక ఆగలేం. పురుగు ఏమంది?"

అవతల ఇంకో గొంతు దగ్గరికొచ్చింది, అమ్మ, బండి దాకా వచ్చేసినట్టుంది.

"దాన్నేం అడుగుతావ్, ఈ మూట ఎక్కించు ముందు. ఉన్ని మేజోళ్లు ఉన్నాయి, నూనెలో వేయించిన వేడివేడి బావుర్సక్‌లు ఉన్నాయి. ఆయన ఎదురుగా నువ్వు తినకు, అసలే ఆకలి మీద ఉంటాడు."

"ఎక్కిస్తాను వదినా, ఎక్కిస్తాను. తల్లీ? వినపడుతోందా? ఎటు తిప్పమంటావ్?"

కామ్షాత్ సూక్ష్మదర్శినిలో మళ్లీ కన్ను పెట్టింది, ఎందుకో, పట్టీలు అక్కడే ఉన్నాయి, కదల్లేదు, మారలేదు. వినపడుతోంది బాబాయ్ అంది. ఇంజిను మోత, అమ్మ ఎవరినో తిడుతోంది, మూట జాగ్రత్త అంటోంది, అర్కాది హారన్ కొట్టాడు, ఒక్కసారే, మర్యాదగా. ఆమె నోరు తెరిచింది, నాలుక మీద ఇంకా ఉప్పే ఉంది, మీరే చెప్పండి, ఆ ఫోను మీ చేతిలో ఉంటే, ఇంక ఆగడానికి వీల్లేని ఆ క్షణంలో, బండిని మీరు ఎటు తిప్పమంటారు?